పుట్ కొంటే డబ్బు దండగేనా?

ప్రశ్న: ఒక కంపెనీ షేర్లు 100, ఒక్కోటి 500 చొప్పున కొన్నాను. పడిపోతాయేమోనన్న టెన్షన్‌తో నెల గడువున్న 480 పుట్‌ని షేరుకి 12 ప్రీమియం కట్టి తీసుకున్నాను. తీరా షేరు 540కి వెళ్లింది, పుట్ సున్నా అయింది. 1,200 ఊరికే పోయినట్టే కదా? ఈసారి పుట్ కొనకుండా అమ్మితే ఆ ప్రీమియం మనకే వస్తుందని స్నేహితుడు అంటున్నాడు. అమ్మనా?

జవాబు: ప్రీమియం వస్తుందన్న మాట నిజమే. ఆ తర్వాతి సంగతి మీ స్నేహితుడు చెప్పలేదు.

ముందు మీ పుట్ గురించి. గడువు రోజున ఆ షేరుని 480కి అమ్ముకునే హక్కు అది, అమ్మి తీరాలన్న బలవంతం లేదు. బయట 540 పలుకుతుంటే 480కి ఎవరమ్ముతారు, అందుకే సున్నా అయింది. అయినా 40 లాభంలో 12 పోగా షేరుకి 28 మిగిలిందిగా! అదే 400కి పడి ఉంటే షేరులో 100 పోయేది, పుట్ 80 తిరిగి తెచ్చేది, ప్రీమియంతో కలిపి మీకు తగిలే దెబ్బ 32. 300కి పడినా, చివరికి కంపెనీయే మునిగినా అదే 32. మీరు 12 ఇచ్చి కొనుక్కున్నది ఆ హద్దుని.

ఇక పుట్ అమ్మడం. అప్పుడు హక్కు అవతలివాడిది, బాధ్యత మీది. షేరు 400కి పడితే మీ షేర్లలో 100 పోతుంది, అమ్మిన పుట్‌లో ఇంకో 80, చేతికొచ్చిన 12 తీసేసినా మొత్తం 168. పడుతుందని భయపడుతున్నవాళ్లు పడితే ఇంకా ఎక్కువ నష్టం వచ్చే పని చేయడం ఏమిటండీ?

బహుశా ఆయన కవర్డ్ కాల్ గురించి ఎక్కడో విని కలగాపులగం చేసి ఉంటారు. ఉన్న షేర్ల మీద 530 కాల్‌ని, అంటే షేరుని 530కి కొనుక్కునే హక్కుని, 10కి అమ్మడం లాంటిదన్నమాట. షేరు 600కి పోయినా మీకు దక్కేది 40తో సరి, 400కి పడితే మాత్రం 90 పోతుంది. కాస్త మెత్తని పరుపే తప్ప రక్షణ అనలేం. చేతిలో షేర్లు లేకుండా కాల్ అమ్మడం మరీ ప్రమాదం, ధర ఎంత పెరిగితే అంత నష్టం, దానికి పైహద్దే లేదు.

ప్రీమియం భారమనిపిస్తే రెండూ కలపండి: 480 పుట్ 12కి కొని, 530 కాల్ 10కి అమ్మితే ఖర్చు 2 మాత్రమే. దీన్నే కాలర్ అంటారు. నష్టం 22 దాటదు, లాభం 28 దాటదు. నాకైతే కొత్తవాళ్లకి ఇదే నచ్చుతుంది, కాకపోతే షేరు 600 దాటిన రోజున ఏడవకూడదు.

లాట్, అంటే ఒక్క పుట్ లేదా కాల్ ఎన్ని షేర్లకి వర్తిస్తుందో ఆ సంఖ్య, ఎంతో చూసుకోండి. మీవి 60 షేర్లే ఉండి లాట్ 100 అయితే, మిగతా 40 మీద మీరు చేస్తున్నది పందెమే. మార్కెట్ కుప్పకూలుతున్న రోజున పుట్ కోసం పరిగెత్తకండి, అందరూ అదే అడుగుతారు కాబట్టి ప్రీమియం మండిపోతుంది.

ఇప్పుడు షేరు 540లో ఉంది కాబట్టి మళ్లీ 480 పుట్ ఎందుకు, అక్కడికి దిగేలోపే 60 పోతుంది. 520 పుట్ ఎంతుందో చూడండి. 20 లోపు దొరికితే కొన్న 500కి తగ్గకుండా బయటపడతారు, పోయిన 12ని కూడా లెక్కలో వేస్తానంటే మాత్రం 8 లోపు దొరకాలి.