వార్డులో పొగ మాన్పించడం గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

విజయనగరంలో నీకు మగవాళ్ల వార్డు అప్పగించారని, రోగులు బీడీల కోసం మెట్ల కిందికి వెళ్తున్నారని రాశావు. శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసినదాన్ని కనుక, నాకు తెలిసినది చెబుతున్నాను.

ముందుగా, ఎవరినీ భయపెట్టవద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆయాసం రోగితో "ఇలాగే తాగితే ఏడాది కూడా బతకవు" అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని, ఆ తర్వాత నాతో మాట్లాడడమే మానేశాడు. డిశ్చార్జి రోజున గేటు దాటకముందే బీడీ వెలిగించడం కిటికీలోంచి చూశాను. ఆ తప్పు నాదే. కొన్నేళ్ల తర్వాత, కళింగపట్నం వైపు నుంచి వచ్చిన ఒక మత్స్యకారుణ్ని "బావూ, పొగ మానితే నీకేం కలిసివస్తుంది?" అని మాత్రమే అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, ఊపిరి అందక వల తాడును కొడుకు చేతికి ఇచ్చేయాల్సి వస్తోందని, దాన్ని మళ్లీ తానే పట్టుకోవాలని ఉందని చెప్పాడు. ఊపిరితిత్తుల గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆ తాడు ముందు చిన్నదైపోయింది. రోగి చెప్పిన కారణాన్ని అతని మాటల్లోనే రాసిపెట్టుకుని, పూటపూటా దాన్నే గుర్తుచెయ్యి.

ఆడవాళ్ల వార్డులో డ్యూటీ పడినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సిగరెట్టు తాగుతావా అని అడిగితే మన తీరప్రాంతపు మామ్మలు లేదనే చెబుతారు, అందులో అబద్ధం లేదు. వాళ్లు తాగేది చుట్ట, అదీ నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని. అడ్డపొగ అలవాటుందా అని పేరుపెట్టి అడిగి, నోరు తెరిపించి అంగిలి చూడు. అది తెల్లబారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు కనిపిస్తే వెంటనే డాక్టరుగారికి చెప్పు, ఎందుకంటే అంగిలి క్యాన్సరుకు దారితీసే అలవాటు అది. ఆ అంగిలిని చిన్న అద్దంలో ఆమెకే చూపించి, చుట్ట మానితే ఆ మచ్చలు తగ్గే అవకాశముందని చెప్పు.

పొగ ఆపాక మొదటి రెండు మూడు రోజులు చిరాకు, నిద్రలేమి బాగా ఎక్కువగా ఉంటాయి. మంచాన పడిన మనిషి ఆ గడ్డు రోజులను మన కళ్లముందే దాటేస్తాడు, కానీ ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పరు, నువ్వు చెప్పు. తాగాలన్న తహతహ కొద్ది నిమిషాలే ఉంటుంది కాబట్టి, ఆ కాసేపూ నీళ్లు తాగించు, నడవగలిగితే వరండాలో నడిపించు. డాక్టరుగారు నికోటిన్ గమ్ రాస్తే చాలామంది దాన్ని కిళ్లీలా నమిలేస్తారు. కొద్దిగా నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలని, టీ తాగిన పావుగంట వరకు వాడకూడదని నేర్పు.

వార్డులో ఎంత చెప్పినా, ఇంటికి వెళ్లాక కనీసం నెలరోజులు పలకరింపు కొనసాగకపోతే పెద్దగా ఫలితం ఉండదు. డిశ్చార్జి చీటీ మీద ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 1800-11-2356 పెద్ద అక్షరాలతో రాసివ్వు, తోడు వచ్చినవాళ్లకూ చదివి వినిపించు. మళ్లీ మొదలుపెట్టి తిరిగి వచ్చినవాణ్ని చూసి ముఖం తిప్పుకోకు; ఎన్ని రోజులు ఆపగలిగాడో, ఏ పూట తట్టుకోలేకపోయాడో అడిగి తెలుసుకో.

సిరిమాను పండుగకు వచ్చినప్పుడు నా చిన్న అద్దం తెచ్చి ఇస్తాను.

మీ అత్త