ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్న కారుకు ఇంజన్ డబ్బు ఎందుకు రాలేదు?

వానలు మొదలైనప్పటి నుండి కారు బీమా గురించి మాకు వస్తున్న ఉత్తరాలు పెరిగాయి. వాటిలో ఎక్కువ మందికి ఉపయోగపడగలవనిపించిన నాలుగు ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా అన్నయ్య కారు నీట మునిగింది. నీరు తీసిన తరువాత సెల్ఫ్ కొట్టి చూస్తే ఇంజన్ ఒక్కసారి కదిలి పట్టేసింది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, సీట్లకూ వైరింగ్‌కూ మాత్రమే డబ్బు ఇచ్చి, ఇంజన్ ఖర్చు తమకు సంబంధం లేదన్నారు. ఇప్పుడు నేనూ కారు కొన్నాను, సెల్లార్‌లోనే పార్కింగ్. నేను ఏమి జాగ్రత్త తీసుకోవాలి? అన్నయ్యకు ఇంకా దారి ఉందా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మనం ఫుల్ ఇన్సూరెన్స్ అని పిలుచుకునే పాలసీలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి, మన కారు వల్ల ఇతరులకు కలిగే నష్టానికి చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా. రెండవది, మన కారుకే జరిగే నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ బీమా. ప్రమాదం, అగ్ని, దొంగతనం, అల్లర్లు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు విరిగిపడడం వంటివి ఈ రెండవ భాగంలోకి వస్తాయి. అంటే వరద నష్టం పాలసీలో ఉన్న మాట నిజమే. అందుకే మీ అన్నయ్యగారికి సీట్ల డబ్బు, వైరింగ్ డబ్బు వచ్చాయి.

ఇంజన్ దగ్గర చిక్కు ఎక్కడ వచ్చిందో చెబుతాను. గాలి పీల్చుకునే గొట్టం ద్వారా నీరు సిలిండర్లలోకి చేరుతుంది. గాలిని పిస్టన్ నొక్కగలదు కాని నీటిని నొక్కలేదు కనుక, ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఒక్కోసారి ఇంజన్ బ్లాకే పగిలిపోతుంది. ఇది వరద వల్ల నేరుగా కలిగిన నష్టం కాదనీ, నీరు చేరిన ఇంజన్‌ను తిప్పడం వల్ల తరువాత కలిగిన నష్టమనీ కంపెనీలు వాదిస్తాయి. పాలసీలో పర్యవసాన నష్టాలకు మినహాయింపు ఉండడం వారికి బలాన్నిస్తుంది. ఈ లోటును పూడ్చడానికే ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ ఉన్నది. సెల్లార్‌లో గాని, చెరువు కట్టల కింద, వాగుల పక్కన ఉన్న కాలనీలలో గాని కారు పెట్టుకునేవారు మరే అదనపు కవర్ మానుకున్నా దీనిని మానుకోకూడదని నా గట్టి అభిప్రాయం. సాధారణంగా దీనిని పాలసీ తీసుకునేటప్పుడు లేదా రెన్యువల్ చేసుకునేటప్పుడే చేర్చుకోవలసి ఉంటుంది. నీరు చూశాక అడిగితే దొరకదు. కారు పాతబడితే ఇవ్వని కంపెనీలు కూడా ఉన్నాయి కనుక, రెన్యువల్‌కు ముందే అడిగి తెలుసుకోండి.

కవర్ ఉన్నా లేకపోయినా, నీట మునిగిన కారును ఎట్టి పరిస్థితిలోనూ స్టార్ట్ చేయవద్దు. తోసి గాని, మరో బండితో లాగి గాని స్టార్ట్ చేసే ప్రయత్నం కూడా వద్దు. నీరు ఏ మట్టం వరకు వచ్చిందో కనిపించేలా, నంబరు ప్లేటుతో సహా ఫోటోలు, వీడియో తీయండి. బురద గీతను కడిగేయకండి. నష్టాన్ని అంచనా వేయడానికి కంపెనీ తరఫున వచ్చే సర్వేయరుకు అదే సాక్ష్యం. కారు దగ్గరకు వెళ్లడం క్షేమమైతే బ్యాటరీ నెగెటివ్ తీగను ఊడదీయండి. ఆ రోజే కంపెనీకి తెలియజేసి క్లెయిమ్ నంబరు రాసుకోండి. కారును చక్రాల మీద లాగించకుండా, పూర్తిగా పైకెక్కించుకునే బండి మీద సర్వీస్ సెంటర్‌కు చేర్పించండి. సర్వేయరు చూసి వెళ్లేదాకా ఇంజన్ విప్పనివ్వవద్దు. ఇంట్లో నీళ్లు, కరెంటు లేని సమయంలో ఇవన్నీ గుర్తుంచుకోవడం కష్టమని నాకు తెలుసు. కాబట్టి పాలసీ నంబరు, కంపెనీ ఫోన్ నంబరు ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉండేలా ఇప్పుడే చూసుకోండి.

మరమ్మతు ఖర్చు, పాలసీలో ఐ.డి.వి. అని రాసి ఉన్న కారు విలువలో 75 శాతం దాటితే, దానిని పూర్తి నష్టంగా లెక్కగట్టి ఆ విలువ ఆధారంగానే పరిష్కరిస్తారు. ప్రీమియం కొంత తగ్గుతుందని ఐ.డి.వి.ని తగ్గించి రాయించుకున్నవారికి ఆ రోజున చాలా నష్టం జరుగుతుంది.

ఇక మీ అన్నయ్యగారి విషయం. ఇంజన్ కవర్ లేకుండా సెల్ఫ్ కొట్టి ఉంటే ఆయన వాదన బలహీనమే. అయితే ఇంజన్ పాడవడానికి కారణం అదేనని సర్వేయరు నివేదికలో ఏ ఆధారంతో రాశారో చూడాలి. ఆ నివేదిక ప్రతిని కంపెనీని అడగవచ్చు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినా నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారిని, అంటే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ కార్యాలయం పరిధిలోనివే. అక్కడ ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. కాని కంపెనీ తిరస్కరించిన నాటి నుండి ఏడాదిలోపే వెళ్లాలి. ఆ గడువు దాటితే వినియోగదారుల కమిషన్ ఉన్నది, దానికి రెండేళ్ల గడువు. ఆయన ముందుగా చూసుకోవలసింది తిరస్కరణ లేఖ మీద ఉన్న తేదీ.

ప్రశ్న: నా కారు కొని మూడున్నరేళ్లు అయింది. ఇంజన్ 1200 సి.సి. ముందు భాగం దెబ్బతిని 62,000 రూపాయల బిల్లు అయితే కంపెనీ 45,000 మాత్రమే కట్టింది. మిగిలిన 17,000 నేను కట్టుకున్నాను. ఇది మోసం కాదా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు పంపిన బిల్లును అంశాల వారీగా చూశాను. మోసం కాదు, లెక్క సరిగానే ఉన్నది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు కారు వయసుతో నిమిత్తం లేకుండా 50 శాతం తరుగుదల తీసేస్తారు. కనుక 12,000 రూపాయల బంపర్‌లో 6,000, 10,000 రూపాయల హెడ్‌లైట్‌లో 5,000 పోయాయి. లోహపు భాగాలకు తరుగుదల కారు వయసును బట్టి ఉంటుంది. మూడు నుండి నాలుగేళ్ల మధ్య అది 25 శాతం కాబట్టి 16,000 రూపాయల బానెట్‌లో 4,000 తగ్గింది. అద్దానికి తరుగుదల లేదు, 6,000 పూర్తిగా ఇచ్చారు. పెయింటింగ్ బిల్లు 8,000లో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కించి, అందులో సగం, అంటే 1,000 తీసేశారు. మజూరీ 10,000లో కోత లేదు. ఇవన్నీ కలిపి 16,000. దానికి తోడు 1500 సి.సి. వరకు ఉన్న కార్లకు ప్రతి క్లెయిములోనూ యజమాని తప్పనిసరిగా భరించవలసిన 1,000.

తరుగుదల తీయకుండా డబ్బు ఇచ్చే జీరో డిప్రిసియేషన్ కవర్, అంటే షోరూముల్లో బంపర్ టు బంపర్ అని చెప్పేది, తీసుకుని ఉంటే ఆ 16,000 కూడా వచ్చేది. చివరి 1,000 మాత్రం అప్పుడూ మీదే. ఇది తీసుకునేటప్పుడు ఏడాదికి ఎన్ని క్లెయిములకు వర్తిస్తుందో చదివి తీసుకోండి, చాలా పాలసీలలో పరిమితి ఉంటుంది. మీకు నా సలహా ఇంకొకటి: పని మొదలుపెట్టే ముందే, కంపెనీ ఎంత ఇస్తుంది, నేను ఎంత కట్టాలి అని సర్వేయరు అంచనాను సర్వీస్ సెంటర్‌లో కాగితం మీద అడిగి తీసుకోండి. కారు తీసుకునే పూట బిల్లు చూసి దిగులుపడే పరిస్థితి రాదు.

ప్రశ్న: తలుపు మీద సొట్ట పడింది. బాగుచేయడానికి 5,000 అవుతుందట. క్లెయిమ్ చేయమంటారా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. మీకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో వచ్చే తగ్గింపు, ఉన్నదని రాశారు. ఒక్క క్లెయిముతో వచ్చే ఏడాది అది సున్నా అవుతుంది. 20 శాతం నుండి మళ్లీ మెట్టు మెట్టుగా ఎక్కవలసి వస్తుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 16,000 అయితే మొదటి ఏడాదే 8,000 పోతుంది. బోనస్‌ను కాపాడే అదనపు కవర్ మీ పాలసీలో ఉంటే మాత్రం మరోసారి ఆలోచించండి.

ప్రశ్న: అయిదేళ్లలో ఒక్క క్లెయిమూ చేయని పాత కారును నెల క్రితం అమ్మి, కొత్తది కొంటున్నాను. పాత కారు బోనస్ పోయినట్లేనా? కొన్నవారు ఆర్.సి. ఇంకా మార్చుకోలేదు.
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పోలేదు. బోనస్ కారుది కాదు, యజమానిది. కారు అమ్మినట్లు రుజువు చూపి, పాత కంపెనీ నుండి బోనస్ ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్లలోపు మీ పేరు మీద కొనే కారుకు, వేరే కంపెనీలోనైనా, అది వర్తిస్తుంది. కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 24,000 అయితే మీకు 12,000 తగ్గుతుంది. షోరూములో పాలసీ రాసేటప్పుడు ఈ సంగతి మీరే చెప్పాలి, వారంతట వారు అడగకపోవచ్చు.

మీ ఉత్తరం చివరి వాక్యమే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే వారినే యజమానిగా పరిగణించాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కారు ఎవరినైనా గుద్దితే, చేతులు మారి ఎన్నాళ్లయినా, పరిహారం నోటీసు మీ ఇంటికే వస్తుంది. కొన్నవారికీ చిక్కే: పాలసీని 14 రోజుల్లో తమ పేరుకు మార్పించుకోకపోతే ఆ కారుకు జరిగే నష్టానికి వారు డబ్బు అడగలేరు. ఫారం 29, 30 మీద ఇద్దరూ సంతకాలు చేసి ఈ వారంలోనే రవాణా శాఖ కార్యాలయంలో ఇవ్వండి. ఇచ్చినట్లు రశీదు ప్రతిని, కారు అప్పగించిన తేదీ, సమయం రాసి కొన్నవారు సంతకం చేసిన కాగితాన్ని మీ దగ్గర భద్రపరచుకోండి, ఆర్.సి. మీద పేరు మారిందో లేదో పరివాహన్ వెబ్‌సైటులో చూసి నిర్ధారించుకోండి.