టీ కొట్లో వేరే గ్లాసులు పెడితే ఏం చెయ్యాలంటే

బాబూ,

నువ్వు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. ఇప్పటికీ ఎస్సీలని మనోళ్లకి టీ కొట్లో వేరే గ్లాసులు పెట్టి, తాగాక మీరే కడుక్కోండి అంటున్నారంటే నీకు రక్తం ఉడకడంలో తప్పులేదు. కానీ కొట్టు ముందు నిలబడి అరిస్తే, గొడవ చేసింది నువ్వేనని రివర్స్ కేసు పెడతారు. ఎమ్మార్వో ఆఫీసులో పనిచేసి రిటైరైనోడిగా చెప్తున్నా, ముందు కాగితం మీద పెట్టు.

అర్జీలో "మమ్మల్ని అవమానిస్తున్నారు" అని ఊరికే రాయకు. ఏ తారీకు, ఎన్నింటికి, ఏ కొట్టు, ఎవరేమన్నారు, పక్కన ఎవరున్నారు, అన్నీ రాయి. కులం పేరు పెట్టి తిడితే ఆ మాటలు ఉన్నదున్నట్టు రాయాలి, సిగ్గుపడి "అసభ్యంగా మాట్లాడారు" అని రాస్తే కేసు అక్కడే పలచనైపోద్ది. కుల సర్టిఫికెట్ జిరాక్స్ జతచెయ్యి.

నెలాఖర్లో 30వ తారీకు పౌరహక్కుల దినం అని ఎమ్మార్వో, ఎస్సై ఎస్సీ కాలనీకి వచ్చి కూర్చుంటారు. చాలాచోట్ల ఫోటోలు దిగి వెళ్లిపోతారు, అందుకే పదిమందితో వెళ్లి, కొట్టు దాకా రండి సార్ అని అడుగు, అర్జీ అక్కడే ఇచ్చి రిజిస్టర్లో రాయించు. సోమవారం కలెక్టరాఫీసులో జనం అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో కూడా ఇచ్చి రసీదు నంబర్ దాచుకో (తెలంగాణలో ఉన్న మీ అక్కావాళ్లకైతే ప్రజావాణి).

అయితే ఒకటి, కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తే కేసైపోయినట్టు కాదు, ఎఫ్‌ఐఆర్ స్టేషన్లోనే కట్టాలి. 1955 పౌరహక్కుల చట్టంలో హోటల్లో పాత్రలు వాడనివ్వకపోవడం నేరమని నేరుగా రాసుంది. దానిమీద ఎస్సీ, ఎస్టీల మీద దౌర్జన్యాలకి శిక్ష వేసే 1989 అట్రాసిటీ చట్టం ఉంది, 1985లో కారంచేడులో పెత్తందార్ల దాడిలో మనోళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నాక పోరాడి తెచ్చుకున్న చట్టం అది. "ముందు ఎంక్వైరీ చేసి చూద్దాంలే" అని ఎస్సై అంటే, ఆ చట్టానికి 2018లో చేసిన సవరణలో 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కి ముందు ఎంక్వైరీ అక్కర్లేదని చెప్పు. కాపీ ఫ్రీగా ఇవ్వాలి. స్టేషన్లో కంప్లైంట్ తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్ పోస్టు చెయ్యి. అట్రాసిటీ కేసు దర్యాప్తు డీఎస్పీ ర్యాంకు ఆఫీసరే చెయ్యాలి, కానిస్టేబుల్ని పంపి స్టేట్‌మెంట్లు రాసుకుపోతే ఊరుకోవద్దు.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. కలెక్టర్ ఛైర్మన్‌గా జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారన్నా కూర్చోవాలి, డివిజన్లో ఆర్డీఓ ఛైర్మన్. ఆగిపోయిన కేసు ఎందుకాగిందని డీఎస్పీని అడిగేది, పరిహారం ఎందుకు రాలేదని అడిగేది అక్కడే. అందులో ఎస్సీ, ఎస్టీ నాన్ అఫీషియల్ మెంబర్లు ఉంటారు, వాళ్లెవరో కనుక్కొని మీటింగుకి ముందే కలిసి నీ ఎఫ్‌ఐఆర్ నంబర్ చేతిలో పెట్టు.

కేసు పడ్డాక పెద్దమనుషులొస్తారు, రాజీ అంటారు, కాదంటే మనోళ్లని కూలికి పిలవొద్దని, ఆటో ఎక్కించుకోవద్దని చెప్పేస్తారు. అలా వెలేస్తే అదీ అట్రాసిటీ చట్టం 2015 సవరణ ప్రకారం వేరే నేరమే, దానికి ఇంకో కంప్లైంట్ ఇవ్వాలి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరూ సంతకం పెట్టొద్దు, అమ్మకి కూడా ఇది గట్టిగా చెప్పు. రాత్రిపూట బెదిరింపులొస్తే 112, కేసు గురించి సలహాకి ఎస్సీ, ఎస్టీల హెల్ప్‌లైన్ 14566.

అర్జీ రాసి ముందు నాకు వాట్సాప్‌లో పంపు, చూసి దిద్దుతా. 30వ తారీకుకి నేనూ వస్తున్నా.

మీ పెద్దనాన్న