చూసేది సీసా సైజు, లోపల ఎంత ఉందని కాదు

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లి విదేశీ విమానం ఎక్కాలి. 200 మిల్లీలీటర్ల సీసాలో సగమే నెయ్యి ఉంది. హ్యాండ్ బ్యాగులో పెట్టుకోవచ్చా?

కుదరదండి. సీసా మీద 200 అని ఉంటే, అడుగున రెండు చెంచాలున్నా అది 200 కిందే లెక్క. ఒక్కో సీసా 100 మి.లీ. దాటకూడదు. అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన జిప్ కవర్లో ఇమడాలి. 2006లో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక వచ్చిన నిబంధన ఇది.

అసలు చిక్కు గ్రాములతో. నిబంధన మి.లీ.లో ఉంటే, కొన్ని డబ్బాల మీద గ్రాములుంటాయి. నెయ్యి నీటికన్నా తేలిక కాబట్టి 100 గ్రాములంటే దాదాపు 110 మి.లీ. తేనె నీటికన్నా బరువు కాబట్టి 100 గ్రాములు 70 మి.లీ. దగ్గరే ఆగుతుంది. టూత్‌పేస్టు, ఆవకాయ కూడా ద్రవాల లెక్కలోకే వస్తాయి. పోయినేడు మా అమ్మ కట్టిచ్చిన ఆవకాయ డబ్బా చెకింగ్ దగ్గర ట్రేలోనే వదిలేశాను. మూత సందులోంచి నూనె కారి గుడ్డంతా ఎర్రబడింది, ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

ఆవకాయ చెకిన్ సూట్‌కేసులో వేసేయండి. పలాస జీడిపప్పుకి ఈ గొడవ లేదు. పసిపిల్లల పాలకి, డాక్టరు చీటీ ఉన్న మందులకి మినహాయింపు ఉంది, అడిగితే చూపించాలి.