పాత మారుతి 800 కొనే ముందు మ్యాట్లు లేపి చూడు

బిడ్డా,

1990ల నాటి మారుతి 800 బేరానికి వచ్చింది, తీసుకోవాల్నా వద్దా అని అడిగినవు. ఇంట్ల ఇంకో బండి ఉండి, ఇది హన్మకొండ, కాజీపేట నడుమ తిరగడానికైతే మంచిగ పనికొస్తది. ఇంటికి అదొక్కటే కారు, వారం వారం హైదరాబాద్ పోవాలంటే మాత్రం వద్దు. ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగ బ్రేకు కొడితే చక్రాలు పట్టేయకుండ చూసే ఏబీఎస్ లేదు, రేకు పల్చన. 145 కిలోమీటర్ల హైవే మీద లారీల నడుమ పిల్లలను ఎక్కించుకొని అసలే పోకు.

ఇంజన్ గురించి రంది పెట్టుకోకు. 796 సీసీ, మూడు సిలిండర్లు. 1983 డిసెంబర్ నుంచి 2014 జనవరి దాక తయారైన బండి, ఇంజన్ సామాను ఇప్పటికీ దొరుకుతది. దొరకనిది మంచి రేకు. తుప్పు పట్టిన బాడీకి టింకరింగ్ చేయించి రంగు కొట్టిస్తే రెండు వానకాలాలకు మళ్ల బుడగలు లేస్తయి.

అందుకే మ్యాట్లు తీసి, డ్రైవర్ కాళ్ల కింద కార్పెట్ కూడ లేపు. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంట పో. గట్టి రేకు టంగుమంటది. పుట్టీ పూసిన చోట మొద్దుగ ధప్పుమంటది, మొనతో నొక్కితే లోపలికి దిగుతది. బ్యాటరీ ట్రే కింద యాసిడ్ కారి తిని ఉంటది, డోర్ల కింది అంచుల్ల, స్టెప్నీ గుంతల నీళ్లు నిలుస్తయి. ముందు షాకబ్జర్లు పైన బిగించే చోట తుప్పు కనపడితే ఎంత చవుకకిచ్చినా తిరిగి రా.

బండి చల్లగ ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు. నువ్వు పోయేసరికి ఇంజన్ వేడిగ ఉంటే అనుమానించు. ఆయిల్ మూత కింద పాలచాయ రంగు జిగురు ఉంటే ఆయిల్ల నీళ్లు కలుస్తున్నయి, ఎక్కువసార్లు ఇంజన్ బ్లాకుకు, హెడ్డుకు నడుమ ఉండే హెడ్ గ్యాస్కెట్టే కారణం. నీలి పొగ వస్తే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగినయి. స్టీరింగ్ పూర్తిగ తిప్పి మెల్లగ పోనిస్తే ముందు చక్రం దగ్గర టక్ టక్ మంటే ఇంజన్ బలాన్ని చక్రానికి అందించే సీవీ జాయింట్ పోయింది. రబ్బరు బూటు చినిగి, గ్రీజు పోయి, మట్టి దూరి ఉంటది.

మన ఎండలు ఈ బండికి కష్టం. రేడియేటర్ల బోరు నీళ్లు పోస్తే సున్నం పేరుకొని సందులు మూసుకపోతయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించు. వేడెక్కుతుందంటే కొందరు మేస్త్రీలు థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాక రేడియేటర్‌కు నీళ్లు పోనియ్యని వాల్వు) పీకేస్తరు, పీకనియ్యకు. జబ్బు ఫ్యాన్ స్విచ్చిలనో, రేడియేటర్లనో ఉంటది. థర్మోస్టాట్ తీస్తే చలికాలం ఇంజన్ వేడి పుంజుకోక పెట్రోల్ ఎక్కువ తాగుతది. మే నెలల ఎండకు ఆపిన బండి పది నిమిషాల తర్వాత స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించకు. కార్బొరేటర్ బండికి పెట్రోల్ పంపు ఇంజన్‌కు ఆనుకొనే ఉంటది. ఆ వేడికి పెట్రోల్ ఆవిరై పంపు తోడలేకపోతది. బానెట్ లేపి, పంపు మీద తడిగుడ్డ పిండి వేసి పావుగంట ఆగు.

ఇప్పటి పెట్రోల్ల 20 శాతం దాక ఇథనాల్ కలుస్తది, ఆ కాలపు రబ్బరు దాన్ని తట్టుకోదు. కొన్న వారంలనే పెట్రోల్ పైపులు, పంపు లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్), కార్బొరేటర్ కిట్టు మార్పించు. ఇథనాల్ తేమ పీలుస్తది కాబట్టి బండిని నెలల తరబడి నిలబెట్టకు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చిన్రో రుజువు లేకుంటే అదీ మార్పించు. టైరు పక్కన నాలుగంకెలు చూడు: 2218 అంటే 2018ల 22వ వారం తయారైంది. ఆరేండ్లు దాటితే టైరు మీది గాట్లు అరగకున్నా మార్చాలె.

కాగితాల సంగతి. 15 ఏండ్లకు ఆర్సీ గడువు అయిపోతది, ఆ తర్వాత ఐదేండ్లకోసారి ఆర్టీఏ ఆఫీసుల బండి చూపించి రెన్యువల్ చేయించాలె. 20 ఏండ్లు దాటిన కారుకు ఆ ఫీజే 10,000 రూపాయలు, పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ వేరే. గడువు అయిపోయి ఉంటే అమ్మేటాయనతోనే రెన్యువల్ చేయించి, తర్వాతనే బండి నీ పేరు మీదికి మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు తీసుకో. వింటేజ్ బండి అని ధర పెంచితే ఒప్పుకోకు, దానికి 50 ఏండ్లు నిండాలె.

ఆదివారం పొద్దుగాల్నే పో. టార్చిలైటు, స్క్రూడ్రైవర్ తీస్కపో, అడ్వాన్సు పైసలు మాత్రం తీస్కపోకు.

నీ పెద్దబాపు