ఈకో ముందు బుష్‌లు మార్చే పని: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు ఎడమవైపు టక్కుమంటోందనీ, బ్రేకు కొడితే బండి ఒక పక్కకి లాగేస్తోందనీ చెప్పావు. టైరు కూడా లోపలివైపే అరుగుతోందంటే లోయర్ ఆర్మ్ బుష్‌ల మీదే నాకు అనుమానం. లోయర్ ఆర్మ్ అంటే ముందు చక్రాన్ని కింద నుంచి ఫ్రేముకి కలిపే ఇనప చెయ్యి, అది ఫ్రేముకి కలిసే చోట ఉండే రబ్బరు కీలే బుష్. నీది 2012 మోడల్ మారుతి ఈకో వ్యాను, పైగా రోజూ బడిపిల్లల్ని నింపుకుని గుంతల రోడ్డు మీద తిరిగే బండి. ఇన్నేళ్లకు రబ్బరు పోవడంలో వింత లేదు. నువ్వే విప్పుతానన్నావు, సంతోషం. ఇంజిన్ వెనక చక్రాలనే తిప్పే బండి కాబట్టి ముందు చక్రాల్లోకి యాక్సిల్ రాదు, ఆ తలనొప్పి నీకు లేదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. బుష్ బోల్టుల ఫైనల్ టైట్ బండి గాల్లో ఉండగా చెయ్యొద్దు. చక్రాలు నేలకి ఆని, బండి బరువు వాటి మీద పడ్డాకే బిగించాలి. పని తొందరలో చాలా షెడ్లలో దీన్ని వదిలేస్తారు. కొత్త బుష్‌లు కొన్ని నెలలకే పోయాయని వచ్చే బండ్లలో నేను ముందు చూసేది ఇదే.

ఎందుకో చెప్తా విను. ఈ బుష్‌లో రెండు ఇనప గొట్టాలు, మధ్యలో రబ్బరు ఉంటాయి. ఆ రబ్బరు రెండు గొట్టాలకీ అతుక్కుని ఉంటుంది. బయటి గొట్టం ఆర్మ్‌లో టైట్‌గా కూర్చుంటుంది. లోపలి గొట్టాన్ని బోల్టు బండికి కట్టేస్తుంది. చక్రం లేచి దిగినప్పుడల్లా రబ్బరే అటూ ఇటూ మెలి తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది, అందులో జారే భాగమంటూ ఏదీ లేదు. బండిని జాకీ మీద లేపితే ఆర్మ్ కిందికి వేలాడుతుంది. ఆ స్థితిలో బోల్టు బిగించేసి బండిని దించావనుకో, నిలబడి ఉన్నప్పుడు కూడా ఆ రబ్బరు పిండిన తువ్వాలులా మెలిపడే ఉంటుంది. మీద గుంతలు కూడా తోడైతే ఇక ఎన్నాళ్లు ఆగుతుంది? మొన్న అలాంటి ఆర్మ్ ఒకటి విప్పాను. రబ్బరు నలుపు ఇంకా కొత్తదనం పోలేదు, కానీ లోపలి గొట్టం చుట్టూ నెలవంకలా చీలిపోయి ఉంది. వేలు పెడితే చీలికలోకి దూరింది.

జారే భాగం లేదు కాబట్టే దానికి గ్రీజు అక్కర్లేదు. లారీ పట్టీలకి కొట్టినట్టు దీనికీ గ్రీజు కొట్టమని ఎవరైనా చెబితే వినకు. ఆయిలూ గ్రీజూ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఇంజిన్ ఆయిల్ కారి ఆర్మ్ మీద పడుతుంటే ముందు ఆ లీకు కట్టించు, తర్వాతే కొత్త బుష్.

విప్పే ముందు రోగం అదేనని తేల్చుకో. చక్రం పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే బాల్ జాయింటో (ఆర్మ్ బయటి చివర చక్రం వైపు ఉండే గుండు కీలు), చక్రం బేరింగో అనుమానించాలి. పక్కల పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ రాడ్డు చివరి కీలు చూడు. తర్వాత రాడ్డు ఒకటి ఆర్మ్‌కీ ఫ్రేముకీ మధ్య పెట్టి నెమ్మదిగా ఎత్తి చూడు. రబ్బరు కాస్త సాగడం మామూలే. గొట్టం నుంచి విడిపోయి ఇనుము ఇనుముకి తగులుతుంటే బుష్ పోయినట్టు. పైపైన సన్నటి పగుళ్లు కనబడినంత మాత్రాన కంగారు పడకు. స్టెబిలైజర్ బార్ (బండి పక్కకి ఒరగకుండా ఆపే అడ్డ కడ్డీ) బుష్‌లూ, లింకులూ కూడా ఇలాగే టక్కుమంటాయి, వాటినీ కదిలించి చూడు.

బాల్ జాయింట్ కూడా వదులైతే బుష్ ఒక్కటే కొనకు, ఆర్మ్ సెట్టే తెచ్చుకో. పాత ఆర్మ్ తుప్పు పట్టినా, వంగినా అంతే. కొన్నా, బుష్‌లు మార్పించినా రెండు పక్కలా చేయించు. ఒక పక్క కొత్త రబ్బరు, ఇంకో పక్క పాతదైతే బండి లాగుడు పోదు. పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి బుష్‌లు అంటగడతారు, గట్టివే, కానీ రోడ్డు అదురంతా లోపల కూర్చున్న పిల్లలకి తెలుస్తుంది. రబ్బరువే అడుగు. సగం ధరకే వచ్చే డూప్లికేట్ జోలికి పోకు, ఇది స్టీరింగ్‌కీ బ్రేకుకీ సంబంధించిన సామాను.

బోల్టుల మీద ముందు రోజు రాత్రే వైర్ బ్రష్ కొట్టి, రస్ట్ స్ప్రే పట్టించు. వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చెయ్యి. హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టు. జాకీ మీద నిలబడ్డ బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకు. ఫ్రేము కింద రెండు స్టాండ్లు పెట్టి, ఊపి చూసి, ఊడదీసిన చక్రాన్ని కూడా పక్కనే కిందికి తోసి ఉంచు. పక్కన ఒక మనిషి ఉండాలి. అక్కయ్య నిన్ను నాకు అప్పజెప్పింది, ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాట దాటకు.

బాల్ జాయింట్ రానప్పుడు నట్టు మీద సుత్తితో కొట్టకు, మర చెడిపోతుంది. నట్టుని మర చివరి వరకు వదులు చేసి, ఊడదీయకుండా అలాగే ఉంచి, జాయింట్ కూర్చున్న నకిల్ (చక్రాన్ని మోసే ఇనప దిమ్మ) కన్ను పక్కన గట్టిగా రెండు దెబ్బలు వెయ్యి, దానంతటదే వదులుతుంది. జాయింట్ మీది రబ్బరు బూటు (తొడుగు) చిరగకుండా చూసుకో. బ్రేకు హోస్ మీద ఏ బరువూ పడకూడదు.

ఆర్మ్ విప్పే ముందే ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసుకో. కొన్ని బుష్‌లలో రబ్బరు మధ్య ఖాళీలు ఉంటాయి, అవి ఏ దిక్కుకి ఉన్నాయో అదే దిక్కుకి కొత్తవీ కూర్చోవాలి. బుష్ తీయడానికి, ప్రెస్ యంత్రంతో నొక్కించడానికి లేత్ షాపుకే పట్టుకెళ్లు. గ్యాస్ మంటతో రబ్బరు కాల్చి తీసేవాళ్లుంటారు, ఒప్పుకోకు. పొగ విషం, రేకు ఆర్మ్‌కి వేడి తగిలితే బలం తగ్గుతుంది. ఎక్కించేటప్పుడు ప్రెస్ ఒత్తిడి బయటి గొట్టం అంచు మీదే పడాలి, మధ్యలో రబ్బరు మీద కాదు. నువ్వు దగ్గరే నిలబడు. తడి కావాలంటే సబ్బు నీళ్లు చాలు.

బిగించేటప్పుడు బోల్టులు చేత్తో ఎక్కించి, ఆనేదాకా మాత్రమే తిప్పు. బండిని దించి, ముందు భాగాన్ని నాలుగైదు సార్లు నొక్కి వదిలి, షెడ్లలో కిందికి దిగి పనిచేసే గుంత మీదో ర్యాంప్ మీదో నిలబెట్టి అప్పుడు ఫైనల్ టైట్ చెయ్యి. నీకు గుంత లేదు కదా, ఇలా చెయ్యి. బండి లేపక ముందే చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు టేపుతో కొలిచి రాసుకో. ఫ్రేము కింద స్టాండ్లు అలాగే ఉంచి, ఆర్మ్ బయటి చివర కింద జాకీ పెట్టి ఆ కొలత వచ్చేదాకా లేపి బిగించు. సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బిగింపు కొలతకే) బిగించు, అందాజుగా వద్దు. స్ప్లిట్ పిన్నులు, లాక్ నట్లు పాతవి మళ్లీ వాడకు.

వీల్ అలైన్‌మెంట్ (చక్రాల వాలు సరిచేయడం) అదే రోజు చేయించు, లేకపోతే ఆ టైర్లు మళ్లీ అరిగిపోతాయి. వారం నడిచాక బోల్టులన్నీ ఒకసారి చూసుకో.

ఆదివారం మాత్రం మొదలుపెట్టకు. బోల్టు ఒకటి విరిగిందంటే లేత్ షాపూ, స్పేర్ పార్ట్స్ షాపూ రెండూ మూసి ఉంటాయి, సోమవారం పొద్దున పిల్లలు రోడ్డు మీద నిలబడతారు. రెండో శనివారం బడి ఉండదు, పొద్దున్నే మొదలుపెట్టు. విప్పాక ఆర్మ్ ఫోటోలు నాకు పంపు, కొనాలో ప్రెస్ కొట్టించాలో చూసి చెప్తాను.

ఇట్లు,
మీ మామయ్య