హైదరాబాద్‌లో అనుకోకుండా కంటపడిన గోడ బొమ్మలు

ఏదో పని మీద ఒక ఊరికి వెళ్తే, వెతక్కుండానే దారిలో బొమ్మలో శిల్పమో ఎదురై ఆగిపోయారా అని అడిగారు. నాకు వెంటనే గుర్తొచ్చేది హైదరాబాద్‌లోని మక్తా బస్తీ.

మాది ఖమ్మం. అమ్మకు టెస్టులు చేయించడానికి సోమాజిగూడ వచ్చాం. రిపోర్టులు సాయంత్రానికి వస్తాయన్నారు. అక్కడే కూర్చుంటే అమ్మ టెన్షన్ పడుతుందని రాజ్‌భవన్ రోడ్డు మీద కాసేపు నడిపించాను. ఎండ ఎక్కువైతే నీడ కోసం పక్క సందులోకి తిరిగాం.

ఎదురుగా ఇంటి గోడ నిండా ఒక ఆడమనిషి ముఖం! కిటికీ ఆమె జుట్టులో కలిసిపోయింది. పైన దండెం మీద చీరలు ఆరుతున్నాయి. ఇంకో మలుపు తిరిగితే ఇంకో బొమ్మ. కొన్నిచోట్ల తేమకు రంగు పెచ్చులూడింది. అయినా కళ్లు తిప్పుకోలేకపోయాం.

ఎం.ఎస్. మక్తా అంటే రాజ్‌భవన్ రోడ్డుకూ రైలు పట్టాలకూ మధ్య ఉన్న బస్తీ. పట్టాలు దాటితే హుస్సేన్ సాగర్. 2016లో ఊళ్లలో గోడల మీద బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ (St+art India) అనే సంస్థ వాళ్లు చిత్రకారులను తీసుకొచ్చి ఇక్కడ బొమ్మలు వేయించారు. ఢిల్లీ లోధీ కాలనీ గోడల మీద వేయించింది కూడా వాళ్లే. కానీ అవి సర్కారు క్వార్టర్లు. ఇక్కడ మాత్రం జనం సొంత ఇళ్లు. ఇంటివాళ్లు సరేనంటేనే బొమ్మ. రేపు వాళ్లు సున్నం వేయించుకున్నా, ఇంకో అంతస్తు లేపినా అది పోతుంది. అందుకే త్వరగా వెళ్లి చూడండి. ఫోటో తీసే ముందు గుమ్మంలో ఉన్నవాళ్లను ఒక మాట అడగండి.

మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దావిడ, "బొమ్మలు చూడనీకి వచ్చిన్రా? ఆటో ఆయనకు అడ్రస్ చెప్పాలంటే మాకు గీ బొమ్మనే గుర్తు" అంది. అమ్మ ఆమె పక్కనే కూలబడి చాలాసేపు మాట్లాడింది. రిపోర్టుల సంగతే ఎత్తలేదు.

తిరిగి వస్తుంటే అమ్మ అడిగింది: "చుక్కలు పెట్టకుండా అంత పెద్దది వంకర పోకుండా ఎట్లా గీశార్రా?" చాలామంది చిన్న కాగితం మీద గళ్లు కొట్టి, గోడ మీద అవే గళ్లు పెద్దవిగా గీసుకుంటారని, మన సినిమా హోర్డింగులు చేత్తో వేసేవాళ్లు కూడా అలాగే చేసేవాళ్లని చెప్పాను.

"అయితే ముగ్గే కదరా" అంది.